సింహం నోటి దగ్గర చేతులు

కుక్కను పట్టుకోవడం చేతకాక వసంత రెండుసార్లు పరీక్ష తప్పిందంటే నంద్యాలలో ఎవరూ నమ్మరు. తిరుపతిలో పశువైద్యం చదివి, తొమ్మిదేళ్ళు సర్కారు ఆసుపత్రిలో పొగరుబోతు ఎద్దులకు కుట్లు వేసిన మనిషి ఆవిడ. ఆ చదువు ఆస్ట్రేలియాలో చెల్లాలంటే మళ్ళీ పరీక్షలు పెడతారు. రాతపరీక్షలన్నీ గట్టెక్కింది. చేసి చూపించే పరీక్ష దగ్గర మాత్రం బోల్తా పడుతోంది.

ఈలోగా అక్కడే క్రెయిగీబర్న్ అనే పేటలోని ఒక పెంపుడు జంతువుల క్లినిక్‌లో నర్సుగా చేరి పదకొండేళ్ళయింది. తనకన్నా ఇరవై ఏళ్ళు చిన్నవాళ్ళు డాక్టర్లుగా వచ్చి కుక్కను పట్టుకోమంటే పట్టుకుంటుంది, పంజరం కడగమంటే కడుగుతుంది. అలాగని కుమిలిపోయే రకం కాదు. ఇల్లు బావుంది, జీతం బావుంది, భర్త ఉపేంద్ర చేసే వంట ఇంకా బావుంటుంది. కానీ పేరుకు ముందు డాక్టర్ అన్న మాట తిరిగి రావాలన్న ఆశ చావలేదు. మూడోసారి కూడా తప్పితే ఇక ఆ ఊసెత్తనని తనకు తానే ఒట్టు పెట్టుకుంది. ఆ మూడోసారి ఇంకో పదిహేను రోజుల్లో ఉంది.

రెండుసార్లూ పరీక్షకులు రాసింది ఒకటే: అవసరానికి మించిన బలప్రయోగం. మొదటిసారి తోకాడిస్తూ వచ్చిన ముసలి లాబ్రడార్‌కు పలకరింపైనా లేకుండా మూతికి పట్టీ బిగించింది. రెండోసారి సహాయకుణ్ణి పిలిచి కుక్క మెడ నొక్కి పట్టించింది. నంద్యాలలో అదే పద్ధతి మరి. వచ్చిన ప్రతి కుక్కకూ పిచ్చి ఉందనే అనుకోవాలి, ముందు మూతి కట్టాలి, తర్వాతే మిగతా సంగతి. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఆమె పరీక్ష చేస్తుండగా అటెండరు శేషాచలాన్ని ఓ కుక్కపిల్ల కరిచింది. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు. పద్నాలుగు రోజులూ వసంతే తోడు వెళ్ళింది. ఆయన నిక్షేపంగా ఉన్నాడు, రోజూ పొద్దున్నే ఫోనుకు పూల బొమ్మలు పంపిస్తాడు. ఇక్కడి కుక్కలకు ఆ జబ్బు లేదని ఆవిడకు ఎక్కాలు వచ్చినంత బాగా తెలుసు. చేతులకే తెలియదు.

ఓ శనివారం మధ్యాహ్నం కూతురు సాహిత్య డైనింగ్ టేబుల్ నిండా బొమ్మలు పరిచి కూర్చుంది. యూనివర్సిటీలో కళల చరిత్ర చదువుతోంది. వసంత వంగి చూసి ఉలిక్కిపడింది.

"ఏందే ఇది? యూనికి పంపిస్తే పేకాట నేర్చుకుంటా ఉండావా?"

"అమ్మా, ఇట్స్ మై అసైన్‌మెంట్. పాత టారో కార్డ్స్."

"జోస్యం చెప్పేటివా?"

"అది చాలా లేటర్. ఫస్ట్ త్రీ హండ్రెడ్ ఇయర్స్ జస్ట్ పేకాటే. నువ్వన్నది కరెక్టే."

టేబుల్ మీదున్నవన్నీ ఒకే ముక్కకు వేర్వేరు రూపాలు. ఆ ముక్క పేరు బలం. మిలాన్ ప్రభువుల కోసం చేయించిన పేకలో ఒక మగవాడు సింహం మీదికి దుడ్డుకర్ర ఎత్తి నిలబడ్డాడు. ఇంకో ఇటలీ పేకలో సింహమే లేదు, ఒకావిడ విరిగిన స్తంభం పట్టుకుని ఉంది. ఫ్రాన్సులో మార్సేయ్ పేరుతో చలామణీ అయిన పేకలో, వెడల్పు టోపీ పెట్టుకున్న ఆడమనిషి సింహం రెండు దవడల మీదా చేతులు వేసింది. సాహిత్యకు తంటా అంతా ఈ మూడోదానితోనే.

"షీ ఈజ్ ఓపెనింగ్ ఇట్ ఆర్ క్లోజింగ్ ఇట్? మూస్తోంది, కోపాన్ని అణచడం అని కొందరంటారు. కాదు, తెరుస్తోంది అని కొందరు. మండేకి నేనొకటి పిక్ చెయ్యాలి."

వసంత కళ్ళజోడు పెట్టుకుని బొమ్మను కిటికీ దగ్గరకు తీసుకువెళ్ళింది. ఇలాంటి నోళ్ళలో రోజుకు పది మాత్రలు వేసే మనిషి ఆవిడ.

"మూసే చెయ్యి ఇట్ల ఉండదు పాపా. మూయాలంటే మూతి చుట్టూ పట్టుకుంటాం. బలంగా తెరవాలంటే కోరల వెనక సందులోకి వేళ్ళు పోవాల. ఈమె ఊరికే ఆనించింది. దవడ ఎటు కదిలితే చెయ్యి అటు పోతాది. దాని ఒళ్ళు చూడు, ఆమె మీద వాలిపోయింది. బెదిరిన జంతువు వాలదు."

సాహిత్య గబగబా రాసుకుంది. రాసుకుని ఊరుకుంటే బావుండేది. దుడ్డుకర్ర వీరుణ్ణి ముందుకు జరిపి, "దిస్ ఈజ్ యూ ఇన్ ద ఎగ్జామ్, అమ్మా," అని నవ్వింది.

వసంతకు చురుక్కుమంది. "కాటు పడితే తెలుస్తాది నీకు," అని విసురుగా వంటింట్లోకి వెళ్ళి, ఉపేంద్ర అప్పటికే కడిగి పెట్టిన బియ్యాన్ని మళ్ళీ కడిగింది. కోపం కూతురి మీద కాదు. ఆ మాట నిజమని తెలిసింది, అందుకు.

సోమవారం క్లినిక్‌కు ఒక బెదురు పిల్లిని తెచ్చారు. డాక్టరు సింధుజ పట్టుకోమంటే వసంత నేల మీద చతికిలబడి, పిల్లి వైపు చూడకుండా, ఒడిలో తువ్వాలు పరచుకుని ఊరుకుంది. కాసేపటికి పిల్లి దానంతట అదే ఎక్కింది. అప్పుడు తట్టింది ఆవిడకు. ఈ పని తనకు రాకపోవడమేమిటి? రోజూ చేస్తున్నదే. కాకపోతే ఇది నర్సు పని అనుకుంది. పరీక్షలో డాక్టరుగా నిలబడాలి కదా అని నర్సు చేతుల్ని గుమ్మం బయట వదిలేసి, నంద్యాల చేతుల్ని తొడుక్కుని లోపలికి వెళ్ళేది. నంద్యాలలో ఆమె వచ్చేసరికి నలుగురు మగవాళ్ళు జంతువును కట్టిపడేసి ఉంచేవాళ్ళు. దాని మనసు కనుక్కోవలసిన అవసరం డాక్టరమ్మకు ఏనాడూ రాలేదు. తొమ్మిదేళ్ళ డాక్టరుగిరీ కన్నా ఈ పదకొండేళ్ళే ఎక్కువ నేర్పాయని ఒప్పుకోవడానికి ఆవిడకు ఆ వారమంతా పట్టింది. ఒప్పుకున్నాక ఒళ్ళు తేలికపడింది.

పరీక్షనాడు ఇచ్చింది గొడ్లను తోలే జాతి కుక్క, వయసు మళ్ళింది, నోరు కంపు. గదిలోకి వస్తూనే గుర్రుమంది. మూతి పట్టీ బల్ల మీదే ఉంది. వసంత చెయ్యి దాని మీదికి వెళ్ళింది. కళ్ళ ముందు శేషాచలం మెదిలాడు. పట్టీని వదిలేసి నేల మీద పక్కకు తిరిగి కూర్చుంది.

ఒక నిమిషం గడిచింది. పరీక్షకురాలు గడియారం చూసుకుంది. రెండో నిమిషం కూడా గడిచింది. "ఏమ్మా, నొప్పా?" అని తెలుగులోనే అడిగింది వసంత. కుక్క వచ్చి ఆమె భుజానికి ఆనుకుంది. వసంత దాని దవడ కింద అరచెయ్యి పెట్టి పెదవి పైకి లేపింది. పైవరుసలో ఒక దవడపన్ను నిలువునా పగిలి ఉంది. కుక్క మూలిగింది కానీ కదల్లేదు.

ప్యాసయింది. ఆ ముక్క చెప్పడానికి ఇంకా నాన్చడం ఎందుకు. మూడు వారాలకు ఉత్తరం వచ్చింది, ఉపేంద్ర బొబ్బట్లు చేశాడు, సాహిత్య ఆ ఉత్తరాన్ని ఫొటో తీసి కనబడ్డవాళ్ళందరికీ పంపింది.

ఫోన్లు చేసినవాళ్ళకు వసంత చెప్పుకున్నది మాత్రం ఉత్తరం సంగతి కాదు. గదిలోంచి బయటికి వస్తుంటే పరీక్షకురాలు ఆపి, ఇలా పట్టుకోవడం ఎక్కడ నేర్చుకున్నావని అడిగిందట. తిరుపతి అని నోటిదాకా వచ్చింది.

"పదకొండేళ్ళు నర్సుగా చేశానండి," అంది వసంత. ఆ మాట తలెత్తి చెప్పడం ఆవిడకు అదే మొదలు.