పెద్దమ్మ ఊరికి సున్నా

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే చెప్పడం నాకు ఇప్పటికీ కష్టమే. డాక్టర్ని కాదు, నర్సునీ కాదు. ఆసుపత్రులకీ ల్యాబులకీ తిరిగి, కొత్తగా కేన్సర్ అని తేలినవాళ్ళ వివరాలు రాసుకొచ్చి, ఏ ఊళ్ళో, ఏ మండలంలో ఎంతమందో లెక్క కట్టే పని. శ్రీకాకుళం, విజయనగరం రెండు జిల్లాలూ తిరుగుతాను. మా అమ్మ మాత్రం వీధిలో అందరికీ మా అమ్మాయి రోగాలు లెక్కపెడతాదని ఒక్క ముక్కలో చెప్పేస్తుంది. విన్నవాళ్ళు నా నుంచి కాస్త ఎడంగా జరుగుతారు.

లెక్క పెద్ద బ్రహ్మవిద్య కాదు. ఊళ్ళన్నీ ఒకే పరిమాణంలో ఉండవు కాబట్టి లక్షమందికి ఎంతమంది అని చూస్తాం. ముసలివాళ్ళు ఎక్కువున్నచోట ఈ రోగం ఎక్కువ కనబడుతుంది కాబట్టి వయసు తేడాలు కూడా సర్దుతాం. మా వైపు పల్లెల్లో వయసులో ఉన్నవాళ్ళు సగం మంది పనుల కోసం విశాఖపట్నమో, చెన్నపట్నమో పోయి ఉంటారు. ఊళ్ళో మిగిలినవాళ్ళు ఎక్కువగా పెద్దవాళ్ళే. ఆ లెక్కన, వయసు సర్దకముందైనా పల్లెల్లోనే రోగం ఎక్కువ కనబడాలి. కానీ పట్నం వరస పక్కన పల్లె వరస పెట్టి చూస్తే ప్రతి ఏడూ అదే తంతు. పట్నంలో ఎక్కువ, పల్లెల్లో తక్కువ. సముద్రం వైపు ఊళ్ళలో కొన్నిటికి నోటి కేన్సర్ గడిలో సున్నా. శ్రీకూర్మం దాటాక ఉన్న మా పెద్దమ్మ ఊరికీ సున్నాయే.

ఆ సున్నా చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. ఆ ఊళ్ళో ఆడవాళ్ళు అడ్డపొగ పీలుస్తారు. తెలియనివాళ్ళకి చెప్పాలంటే, చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లోకి పెట్టుకుని, పెదాలు మూసుకుని పీల్చడం. బయటికి ఆరిన కొసే కనబడుతుంది. సముద్రపు గాలికి నిప్పు ఆరదనీ, ఒళ్ళో పిల్ల మీద బూడిద రాలదనీ, నాట్లు వేస్తున్నప్పుడు చేతులతో పట్టుకోనక్కర్లేదనీ చెబుతారు. మగవాళ్ళ ఎదుట కాల్చినట్టు కనబడదని కూడా, ఆ మాట కాస్త నవ్వుతూ చెబుతారు. ఆ వేడంతా అంగిలికి తగులుతుంది. ఏళ్ళ తరబడి తగులుతుంది.

ఒకసారి మీటింగులో ఒకాయన ఈ పట్టిక చూసి, పల్లె గాలి, రాగి అంబలి, ఒళ్ళొంచి పని, అందుకే అక్కడ రోగం లేదని తేల్చేశాడు. మంచి మనిషే, రిటైరయ్యాక పల్లెలో ఇల్లు కట్టుకోవాలని ఆశ ఉన్నవాడు. నాకు మాత్రం ఆయన్ని తీసుకెళ్ళి ఒక సాయంత్రం పెద్దమ్మ ఊళ్ళో ఏదో ఒక అరుగు మీద కూర్చోబెట్టాలనిపించింది. అప్పటికి నాకు ఈ తేడా ఆఫీసు వ్యవహారం కాదు, ఇంటి వ్యవహారం. మా ఇంట్లో ఒక పల్లె ఉంది, ఒక పట్నం ఉంది.

పట్నం మా అమ్మ. పెద్దమ్మా అమ్మా ఒకే ఇంట్లో పుట్టి పెరిగినవాళ్ళు, అక్కని అమ్మ అప్ప అని పిలుస్తుంది. వేరుశెనగ చేలో కలుపు తీసేటప్పుడు, వాళ్ళ నానమ్మ కళ్ళుగప్పి, ఒక చుట్టని రెండు ముక్కలు చేసి చెరి సగం కాల్చడంతో ఇద్దరికీ అలవాటైంది. పెద్దమ్మని పక్క ఊళ్ళో రైతు కుటుంబానికి ఇచ్చారు. అమ్మని విజయనగరంలో జూట్ మిల్లులో పనిచేసే మా నాన్నకి ఇచ్చారు. పట్నం వచ్చినా అమ్మ చుట్ట మానలేదు. పెరట్లో బట్టలు ఉతికే రాయి దగ్గర కూర్చుని, పక్కింటి వాళ్ళకి కనబడకుండా పీల్చేది. పొగాకు పెద్దమ్మ పంపించేది, బియ్యం బస్తాలో పెట్టి.

కొన్నేళ్ళ కిందట అమ్మకి దవడ పన్ను నొప్పి చేసింది. మా వీధి చివర పళ్ళ డాక్టరమ్మ పన్ను పీకడానికి నోరు తెరిపించి, పన్ను సంగతి వదిలేసి అంగిలి వైపే చూస్తూ ఉండిపోయింది. అక్కడ తెల్లగా గరుకుగా ఒక మచ్చ ఉంది. ముక్క తీసి పరీక్షకి పంపారు. కేన్సరే, కానీ మొదట్లోనే దొరికింది కాబట్టి ఆపరేషన్ తో పోయింది. అంగిలిలో చిన్న కంత మాత్రం మిగిలింది. దానికి అడ్డంగా ఒక ప్లేటు చేసిచ్చారు. అది తీస్తే తాగిన నీళ్ళు ముక్కులోంచి వస్తాయి, మాట కూడా ముక్కులోకి పోతుంది. ఆ ఏడాది పట్నం లెక్కలో ఒక అంకె మా అమ్మ. ఆ అంకె నేనే వేశాను.

చూడ్డానికి వచ్చిన పెద్దమ్మ, మంచం పక్కన కూర్చుని, అంతా విని, తీర్పు చెప్పేసింది. ఆ కుళాయి నీళ్ళూ ఆ పేకెట్ పాలూ తాగి చెల్లి రోగం తెచ్చుకుందని. చుట్ట సంగతి నేనెత్తితే, తనూ కాలుస్తోంది కదా, తనకేం కాలేదే అంది. ఇంటికి వెళ్ళిన వారానికి మా అన్నయ్య, అంటే ఆవిడ కొడుకు, బస్సులో రెండు పెద్ద క్యాన్లతో దిగాడు. నిండా వాళ్ళ ఊరి బోరు నీళ్ళు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నా పట్టిక చెప్పేదీ, పెద్దమ్మ చెప్పేదీ ఒకటే. పట్నంలోనే రోగం ఉంది.

తర్వాత ఏడాది పెద్దమ్మ మనవరాలి ఓణీల ఫంక్షన్ కి ఆ ఊరు వెళ్ళాను. భోజనాల దగ్గర పెద్దమ్మ నా పక్కనే కూర్చుంది. చిన్నప్పటి నుంచీ నేనెరిగిన పెద్దమ్మ పచ్చిమిరపకాయ కొరుక్కుని చద్దన్నం తినే మనిషి. ఆ రోజు విస్తట్లో కూరలేవీ ముట్టుకోలేదు. మజ్జిగన్నం మెత్తగా పిసుక్కుని, ఒక పక్క నుంచే మింగుతోంది. గోంగూర కొద్దిగా నాలిక్కి రాసుకుని కళ్ళు మూసుకుంది. అడిగితే పళ్ళు లేవు కదే అని నవ్వేసింది.

నోరు చూపించమని అడిగాను. కొంగు అడ్డం పెట్టుకుంది. బతిమాలాను, కోప్పడ్డాను, ఆవిడ సిగ్గుపడుతూనే ఉంది. ఆ మధ్య ఆ ఊరికి పరీక్షల వ్యాన్ వచ్చింది. ఆడవాళ్ళంతా బీపీ చూపించుకున్నారు, షుగర్ చూపించుకున్నారు, నోరు తెరవమనేసరికి ఒక్కొక్కరూ లేచి వెళ్ళిపోయారు. పెద్దమ్మ వ్యాన్ ఎక్కనేలేదు. చుట్ట కాల్చి నల్లబడ్డ నోటిని పరాయి మగాడికి చూపించడం కంటే చీర విప్పడం నయమన్నట్టు మాట్లాడేవారు. నాతో మాత్రం పెద్దమ్మ ఒక మాట ఉన్నదున్నట్టు చెప్పింది.

"సూస్తే కదే అమ్మీ, ఉన్నాదో లేదో తెలిసేది. సూడకపోతే నాకేటీ లేదు."

నేను గింజుకున్నాను. నా ఆఫీసు లెక్క కూడా అచ్చం ఆ పద్ధతిలోనే నడుస్తోంది. చూసిన చోట ఉంది, చూడని చోట లేదు. ఆ వైపు ఎవరైనా నోట్లో పుండుతో పోతే వయసైపోయింది గావాల అనేవారు, దహనం చేసేవారు, నా గడిలో సున్నా సున్నాగానే ఉండేది.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. మర్నాడు పొద్దున్నే అమ్మ చీర మార్చుకుని, పద అంది.

మేం వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. పెద్దమ్మ పెరటి అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. నోట్లో చుట్ట ఉంది. అమ్మ ఎదురుగా కూర్చుని, ఆ చుట్ట తీయమంది. పెద్దమ్మ తీసి గోడకి నలిపి, బొడ్లో దోపుకుంది. అమ్మ నోట్లో వేలు పెట్టి తన ప్లేటు ఊడదీసి చింతపండు చేట పక్కన పెట్టింది. అంతవరకూ అమ్మ దాన్ని నా ఎదుట కూడా తీయలేదు. బాత్రూం తలుపు వేసుకుని కడుక్కునేది. ఇప్పుడు తల వెనక్కి వాల్చి, ఎండ లోపలికి పడేలాగ నోరు తెరిచింది. ముక్కులోంచి వచ్చిన ఆ మాట నాకు వెంటనే అర్థం కాలేదు గానీ, పెద్దమ్మకి అర్థమైంది.

"సూడప్పా. సిగ్గేటి, సూడు."

పెద్దమ్మ చూసింది. చాలాసేపు చూసింది. చెల్లి గడ్డం పట్టుకుని ఇటు తిప్పి అటు తిప్పి చూసింది. ఆ తర్వాత ప్లేటు తీసి, తన చెంబులో నీళ్ళతో కడిగి, అమ్మ చేతికిచ్చింది. కొంగు తీసేసి తన నోరు తెరిచింది.

నేను డాక్టర్ని కాదన్నాను కదా. అయినా ఇన్నేళ్ళు కాగితాల మీద చదివినది ఏమిటో అప్పుడు తెలిసింది. అంగిలి సగం తెల్లగా గట్టిపడిపోయి ఉంది, మధ్యలో పుండు. అమ్మ ప్లేటు పెట్టుకుని, నీది నాకంటే పెద్దదే అప్పా అని ఏడ్చేసింది. పెద్దమ్మ ఏడవలేదు. చేటలో మిగిలిన చింతపండు గింజలు తీయడం పూర్తి చేసి, అప్పుడు లేచింది.

విశాఖపట్నం ఆసుపత్రిలో పేరు రాయించేటప్పుడు, ఊరు అడిగితే అన్నయ్య విజయనగరంలో మా ఇంటి చిరునామా చెప్పాడు. అతని తప్పేం లేదు. మా ఇంట్లోనే ఉండి తిరుగుతారు, ఫోను చేసినా మాకే చేస్తారు. అలాగే అందరూ చెబుతారు. పల్లె రోగాలు కొన్ని పట్నం బట్టలు కట్టుకుని మా పట్టికలోకి వచ్చేది ఈ దారినే. నేను అన్నయ్యకి చెప్పబోతుండగా పెద్దమ్మ అడ్డుకుంది.

"మా ఊరు రాయమను. నానేటి పట్నం మనిసినా?"

ఆ రోజు నా ఉద్యోగం మీద నాకు మొదటిసారి ప్రేమ కలిగింది, అదే రోజు అసహ్యం కూడా కలిగింది. ఆ గడిలో సున్నా చెరిగిపోవాలని ఎన్నోసార్లు అనుకున్నాను. పెద్దమ్మతో చెరిగిపోవాలని అనుకోలేదు.

పెద్ద ఆపరేషనే అయింది. తర్వాత రేడియేషన్, మా వాళ్ళ మాటలో కరెంటు, పెట్టారు. మా ఇంట్లో అక్కచెల్లెళ్ళిద్దరూ పక్కపక్క మంచాల మీద పడుకుని, గిన్నెలో రెండు ప్లేట్లు కడిగి పెట్టుకుని, ఎవరిది ఏదో అని పోట్లాడుకునేవారు. కుళాయి నీళ్ళు బాగానే ఉన్నాయని పెద్దమ్మ ఒప్పుకుంది. కోలుకున్నట్టే కోలుకుని ఊరు వెళ్ళిపోయింది. వెళ్ళి ఊరుకోలేదు. ఎండ పడే అరుగు మీద కూర్చుని, దారిన పోయే ఆడవాళ్ళని పిలిచి, ప్లేటు తీసి నోరు చూపించేదట. అన్నయ్యకి తలకొట్టేసినట్టుండేది. ఆ ఏడాది పోకముందే మళ్ళీ వ్యాన్ వచ్చినప్పుడు ఆడవాళ్ళు లేచి వెళ్ళిపోలేదు. పెద్దమ్మే ముందు నిలబడి ఒక్కొక్కరినీ ఎక్కించింది; కొందరి నోళ్ళలో రోగం తేలింది.

రోగం మెడలోకి తిరగబెట్టింది. మామిడి పళ్ళ రోజుల్లో పెద్దమ్మ పోయింది. మెత్తటి పండు రసం ఒక చెంచా నోట్లో వేస్తే, తీపి తెలుస్తున్నాదని సైగ చేసిందట. నేను ఆ వేళకి అందుకోలేకపోయాను. అమ్మకి దొరికినప్పుడే పెద్దమ్మకీ దొరికి ఉంటే బతికి ఉండేదని డాక్టరుగారు అన్నారు. ఆ మాట నేను అమ్మకి చెప్పలేదు. చెప్పకపోయినా అమ్మకి తెలుసు.

మా పట్టికలు ఎప్పుడూ ఆలస్యంగానే అచ్చవుతాయి. పెద్దమ్మకి రోగం తేలిన ఏడాది లెక్క, ఆవిడ పోయిన చాలా రోజులకి చేతికొచ్చింది. ఆ వైపు పల్లెల రేటు ఒక్కసారి పెరిగింది. మీటింగులో ఆ పల్లె గాలి ఆయనే, పల్లెలు కూడా పాడైపోతున్నాయని బాధపడ్డాడు. రోగం పెరగలేదండీ, మా పెద్దమ్మ నోరు తెరిచింది అన్నాను. కుర్చీ లాక్కుని కూర్చుని, సంగతంతా మొదటి నుంచీ చెప్పాను.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి కాగితాలు బల్ల మీద పెడితే, అమ్మ వచ్చి వాటి మీద చెయ్యి వేసింది. చదవడం రాదు. అప్ప ఇందులో ఉన్నాదా అని అడిగింది. ఉందన్నాను. ఏ ఊరని రాసేవంటే, పెద్దమ్మ ఊరే అని, ఆ గడి చూపించాను. అమ్మ ఆ అంకె మీద వేలు పెట్టింది. మరి తనెక్కడని అడిగింది. నువ్వు వేరే కాగితంలో, ముందటి ఏళ్ళ లెక్కలో ఉన్నావు, పట్నం వరసలో అని చెప్పాను. పట్నం వేరు, పల్లె వేరు అని కూడా, ఎందుకో, చెప్పాను.

"ఏటి వేరే? ఇద్దరం కాల్సింది ఒకటే సుట్ట," అంది అమ్మ. "సగం అప్ప, సగం నాను."