పదకొండు సంతకాల హాంబర్గ్

లోకంలో ఏ అన్యాయం జరిగినా అది నా అనుమతి లేకుండా జరిగిందని కోపం వచ్చే వయసు ఒకటుంటుంది. నాకది 2011 ప్రాంతంలో, గల్ఫ్‌లో ముసఫ్ఫా పక్క ఐకాడ్ అనే పారిశ్రామికవాడలో ఒక ఇనుప ఫ్యాక్టరీకి టైమ్‌కీపర్‌గా ఉన్నప్పుడు వచ్చింది. అక్కడ హాంబర్గ్ నుంచి వచ్చిన ముసలి ఇంజనీరు ఒకాయన ఉండేవాడు. మేం జర్మనీ తాత అనేవాళ్లం. భోజనాల వేళ తన ఊరి రాజ్యాంగ చరిత్ర చెప్పేవాడు (వినేది నేనొక్కణ్ణే; మిగతావాళ్లు కునుకు తీసేవారు). ఆరు వందల ఏళ్ల కిందట ఆ నగర పాలకులు ఒక పౌరుణ్ణి సంజాయిషీ అడక్కుండా జైల్లో వేస్తే, జనం తిరగబడి, తమలో అరవై మందిని ఎన్నుకుని, 'మాట వినకుండా ఎవర్నీ బంధించం' అని ఆ పాలకుల చేత రాయించుకున్నారట. నాకు ఒళ్లు పులకరించింది.

సరిగ్గా ఆ వారమే మా గదిలో, జగిత్యాల మామ మంచం కింద కరెంటు స్టౌ దొరికింది. మేముండే లేబర్ క్యాంపులో అది నిషేధం. మామ మా మెస్‌లో వంటమనిషి. క్యాంపు పెత్తనమంతా చేతిలో ఉన్న ముదీర్ ఆయన్ని ఒక్క మాటైనా అడక్కుండా ఇంటికి పంపేస్తానన్నాడు. మామ పెట్టె సర్దుకుంటూ, "నువ్వూకో బిడ్డా, నీ వీసా గూడ ఖలాస్ అయితది" అన్నాడు. నేను ఊరుకోలేదు. అరవై సంతకాల కోసం గదిగదికీ తిరిగాను. పదకొండు దొరికాయి (అందులో రెండు నావే, ఒకటి తెలుగులో, ఒకటి ఇంగ్లీషులో).

కాగితం ముదీర్ బల్ల మీద పెట్టి, నాకొచ్చిన హిందీలో, "సార్, హాంబర్గ్‌లో మనిషి మాట వినకుండా శిక్ష వేయరు" అన్నాను.

"యే హాంబర్గ్ నహీఁ, ముసఫ్ఫా హై. యల్లా, జావ్!"

"అయితే ఆరు వందల ఏళ్లు ఆలస్యమయ్యాం సార్. ఇవాళ మొదలుపెడదాం. మామను పిలిచేదాకా కదలను" అని, ఎవరూ చెప్పకుండానే కుర్చీలో కూర్చున్నాను.

భోజనాల వేళయి ఆకలేసిందో ఏమో, ముదీర్ మామను పిలిపించాడు. మామకు తెలుగు తప్ప మరో భాష రాదు, అనువాదం నాదే. "స్టౌ నాదే సార్, అబద్ధం జెప్ప. గుడ్లు ఉడకవెడ్త. దినాం రెండు ఈ పోరడే తింటడు" అన్నాడు మామ. చివరి వాక్యం దగ్గర నా హిందీ ఒక్కసారిగా అయిపోయింది. "పూరా బోలో" అని ముదీర్ గద్దించాడు. చెప్పాను. ఆయన నవ్వడం అదే మొదటిసారి చూశాను.

మామ ఉద్యోగం నిలిచింది. స్టౌ పోయింది. శిక్షగా నెల రోజులు మెస్ గిన్నెలు ఇద్దరం కలిసి తోమాం. "మా ఊళ్లోనూ వింటామనే అన్నారు, వదిలేస్తామనలేదు" అన్నాడు జర్మనీ తాత. "విన్నాడుగా, అది చాలు!" అన్నాను, చేతులకు మసితోనే.

ఇప్పుడు గల్ఫ్‌లోనే రోలా అనే చోట ఒక ఆఫీసులో గౌరవంగా పనిచేస్తున్నాను. పైవాళ్లు ఏమన్నా తలూపుతాను. అందులో మంచి నైపుణ్యమే సంపాదించాను. ఎప్పుడైనా లిఫ్టు అద్దంలో ఈ తల కనపడితే, అప్పటి వాడిదీ ఇదేనా అని నవ్వొస్తుంది. కాస్త సిగ్గు కూడా వేస్తుంది.