హైమమ్మ చేలో సందులు

హైమమ్మకు అనుమానం అన్నం లాంటిది, రెండు పూటలా ఉండాల్సిందే. పాలవాడి ఎదుటే పాలలో వేలు ముంచి చూస్తుంది. గుడిలో ప్రసాదం పెట్టినా పక్కవాళ్ళ దొన్నెలోకి తొంగి చూశాకే నోట్లో వేసుకుంటుంది. కృష్ణా జిల్లా నుంచి ఈ అశ్వారావుపేట అడవి అంచుకు కాపురం వచ్చిన కొత్తలో, పొరుగు రైతు గట్టు జరిపాడని ఊరంతా తిరిగి గొడవ పెట్టుకుంది. కొలిపిస్తే నిజంగానే జరిపాడు. ఆ ఒక్క గెలుపే ఆమెను చెడగొట్టింది. భర్త వెంకటప్పయ్య మెత్తని మనిషి. "పోనీలేవే" అనడం తప్ప ఇంకో మాట ఎరగడు. అందుకే సేద్యమంతా ఆమె చేతి మీదే నడుస్తుంది.

ఆ ఏడు వరి కోసిన రెండు మళ్ళలో మొక్కజొన్న వేద్దామనుకుంది. దున్నే పని లేదు. ట్రాక్టరు వెనక తగిలించే మిషన్ ఒకటి వాళ్ళకుంది. అది వరి కొయ్యకాళ్ళ మధ్యనే ఇనుప చేతులతో నేల చీల్చుకుంటూ, ఆ చీలికలో గింజ వేసుకుంటూ పోతుంది. దాన్ని తోలేది వీరబాబు, పక్క గూడెం మనిషి. ఏళ్ళుగా వాళ్ళ దగ్గరే ఉన్నాడు. వాగు పొంగి దారి తెగిన రోజున వెంకటప్పయ్యను ట్రాక్టరు మీద ఎక్కించుకుని దవాఖానాకు చేర్చింది కూడా వీరబాబే.

మొదటి మడిలో మొలక వచ్చాక హైమమ్మ వెళ్ళి చూసింది. సాలు సాలుకూ సందులే. ఒకచోట మొలకలు, ఆ పక్కన బోడినేల.

"గింజలు మీదనే పడ్డయమ్మా, పిట్టలు తిన్నయి" అన్నాడు వీరబాబు. "మిషన్ చేతులు ఊగుతున్నయి. పిన్నులు, బుష్‌లు అరిగినట్టున్నయి."

ఆడలేక మద్దెల ఓడన్నాడు అనుకుంది హైమమ్మ. నేలలో పడిన గింజ మొలవక ఏం చేస్తుంది? మొలవలేదంటే పడలేదు. పడలేదంటే ఎక్కడికో పోయింది. ఆ 'ఎక్కడికో' ఆమెను నిలవనివ్వలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా గూడేనికి నడిచింది. వీరబాబు ఇంటి వెనక చిన్న చెలకలో మొక్కజొన్న మొలకలు కళకళలాడుతున్నాయి. దొరికావురా దొంగా అనుకుంది. ఆ క్షణంలో ఆమెకు కోపం కాదు, సంతోషమే కలిగింది. కంపెనీ విత్తనానికి ఎర్రటి మందు పూత ఉంటుంది, మొలక వచ్చినా ఆ రంగు అంత తొందరగా పోదు. గబగబా వంగి ఒక మొక్కను వేళ్ళతో సహా పెకలించింది. అంటుకుని ఉన్న గింజ తొక్క తెల్లగా ఉంది. ఇంకొకటి పీకింది. అదీ తెల్లగానే ఉంది.

"అవి మా అత్త దాచిన నాటు గింజలమ్మా."

తలెత్తితే వీరబాబు పెళ్ళాం శ్యామల. ఎప్పటినుంచి చూస్తోందో! హైమమ్మ ఆ రెండు మొక్కలనూ మట్టిలో గుచ్చి, "ఊరికే చూస్తున్నాలే" అని చక్కా వచ్చేసింది. ఇక్కడ లేకపోతే మరెక్కడో అమ్మి ఉంటాడని దారిలో మనసుకు సర్దిచెప్పుకుంది.

ఇంతలో రెండో మడి తడి ఆరిపోతోంది. ఆరితే ఇక ఈ ఏటికి పంట లేనట్టే. విధిలేక వీరబాబును మిషన్ హాతీరాం వెల్డింగు షాపుకు తీసుకుపోనిచ్చింది. అయితే తానూ వెంట వెళ్ళి, స్టూలు లాక్కుని మిషన్ ఎదురుగానే కూర్చుంది.

"అన్నీ మార్చాలె అమ్మా" అన్నాడు హాతీరాం.

"ఒకటి అరిగితే ఒకటి మార్చు. అన్నీ ఎందుకు? పాతవి కూడా నా సంచిలో వెయ్యి, నువ్వు పక్కన పెట్టుకోకు."

హాతీరాం నవ్వి సుత్తి అందుకున్నాడు. పిన్నులు బిగుసుకుపోయి ఒక పట్టాన ఊడలేదు. కిరసనాయిలు పోసి కొట్టగా కొట్టగా ఒకటి బయటికొచ్చింది. నడుమ సగానికి అరిగి, చప్పరించిన చాక్లెట్‌లా ఉంది. అది తిరిగే బుష్, ఆ చిన్న ఇనుప గొట్టం, గుండ్రం పోయి కోలగా సాగింది. ఆ సందులోనే మిషన్ చేయి పక్కకు ఊగి, గింజ చీలికలో పడకుండా పైన పడుతోంది. ఒకటి కాదు, అన్నీ అలాగే ఉన్నాయి.

"చుక్క గ్రీజు లేక అరిగినయి. అసలు పెడుతున్నరా?"

హైమమ్మ వీరబాబు వైపు తిరిగింది. దొంగ కాకపోయినా సోమరి దొరికాడు. "విన్నావా నీ నిర్వాకం?"

వీరబాబు తల వంచుకునే జవాబు చెప్పాడు. "గ్రీజు డబ్బా మీ బీరువాల ఉంటదమ్మా. పోయినేడు అడిగితే, మొన్న ఇచ్చింది అమ్ముకున్నవా అన్నరు. మల్ల అడగబుద్ధి కాలే."

అన్న మాట నిజమే. ఆ రోజు భలే అడిగానని మురిసిపోయింది కూడా. బీరువాలో ఆ డబ్బా ఇప్పటికీ నిండుగానే ఉంది, మూత మీద దుమ్ముతో సహా. హైమమ్మకు ఒళ్ళంతా సిగ్గు కమ్మింది.

కొత్త బుష్‌లు దిగాయి, కొత్త పిన్నులు బిగిశాయి. తడి ఆరకముందే వీరబాబు రెండో మడి విత్తాడు. ట్రాక్టరు కొట్టంలో పెట్టి, చేతులు కడుక్కుని, "ఇగ నేను రానమ్మా" అన్నాడు.

"ఎవడు పిలిచాడు నిన్ను? ఎంతిస్తానన్నాడు?" అలవాటు కొద్దీ నోరు జారింది.

"ఎవ్వరు పిలువలే" అని వెళ్ళిపోయాడు.

"పోనీలేవే" అనలేదు వెంకటప్పయ్య ఈసారి.

రెండో మడిలో సందు లేకుండా మొలక వచ్చింది. గట్టు మీద నిలబడి చూస్తే హైమమ్మకు ఏడుపొచ్చింది. అట్నుంచి అటే గూడెం దారి పట్టింది. తప్పు నాదే నాయనా, మళ్ళీ పనిలోకి రా అనాలి. పుట్టి బుద్ధెరిగాక ఎవరితోనూ అనని మాట. దారి పొడుగునా కూడబలుక్కుంటూ వెళ్ళింది.

వీరబాబు ఇంట్లో లేడు. గుమ్మంలో శ్యామల ఉంది. హైమమ్మ ఇంకా నోరు తెరవనే లేదు, శ్యామల లోపలికి పోయి గింజల బుట్ట తెచ్చి ముందు పెట్టింది. మళ్ళీ పోయి బట్టల మూట తెచ్చి విప్పింది. తలుపు బార్లా తెరిచి, పక్కకు తప్పుకుంది.

"రాండమ్మా, లోపల గూడ చూసుకోండ్రి. ఈసారి ఏం పోయింది?"