పెన్‌పహాడ్ టవర్‌లో విప్పిన పొరలు

కోదాడలో ఇంజనీరింగ్ చదివి మొబైల్ నెట్‌వర్క్ పనిలో చేరిన రెండో ఏడు నన్ను పెన్‌పహాడ్ టవర్ దగ్గరికి పంపారు. అక్కడి ఫోన్లకు మెసేజ్‌లు వస్తున్నాయి, ఫొటోలు రావడం లేదు. అప్పటికే ఇద్దరు వెళ్లి, ఏమీ తేలక తిరిగొచ్చారు. సూర్యాపేట ఆఫీసులో మా సారు టవర్‌లోని సర్క్యూట్ కార్డు మార్చెయ్యమన్నారు. ముందు ట్రాఫిక్, అంటే టవర్ గుండా వెళ్లే సమాచారం, పట్టి చూస్తానన్నాను.

ఫోన్‌కు వెళ్లే సమాచారం ముక్కలుగా, కవర్లో కవర్ పెట్టినట్టు వెళ్తుంది. దాన్ని ల్యాప్‌టాప్‌లోకి పట్టుకుని, అనలైజర్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఒక్కో పొరా విప్పి చదవాలి. ముందు వెళ్లినవాళ్లకు పై రెండు పొరలే తెరుచుకున్నాయి. లోపలంతా అర్థంలేని అంకెలు. వాళ్ల రికార్డింగ్ చూడగానే నాకు కారణం తెలిసింది. ఫోన్ కనెక్టయ్యాక రికార్డింగ్ మొదలుపెట్టారు. లోపలి పొరల్ని ఎలా చదవాలో చెప్పే సందేశం కనెక్షన్ మొదట్లో ఒక్కసారే వెళ్తుంది.

ఫిర్యాదు చేసినాయన టవర్ పక్కనే గొర్రెలు మేపుకుంటున్నాడు. టవర్‌కు ల్యాప్‌టాప్ తగిలించి ఆయన్ని పిలిచాను.

"పెద్దయ్యా, ఫోన్ బంద్ చేసి, నేను చెప్పినప్పుడు ఆన్ చెయ్యండి."

"చేస్త గాని బిడ్డా, నా ఫొటోలు గీ పెట్టెల నీకు కనబడతయా?"

"కనబడవు. లోపలి దానికి తాళం ఉంటుంది. నేను చూసేది కవర్ల మీది నంబర్లే."

ఆయన నమ్మి ఫోన్ ఆన్ చేశాడు. ఈసారి పొరలన్నీ విచ్చుకున్నాయి. ఫొటో తెరవమన్నాను. ఆయన ఫోన్ కొన్ని నంబర్ల ముక్కలను మళ్లీ పంపమని అడుగుతోంది. అడిగినవే మళ్లీ మళ్లీ అడుగుతోంది.

సారుకు ఫోన్ చేసి, సూర్యాపేట వైపు కూడా అదే సమయంలో రికార్డ్ చేయించాను. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే దారి దొరికింది. అక్కణ్నుంచి బయల్దేరిన వాటిలో చిన్నవన్నీ వచ్చాయి. పెద్దవి ఒక్కటీ రాలేదు.

"సార్, టవర్ బాగానే ఉంది. మధ్యలో లింకు పెద్ద సైజును ఒప్పుకోవడం లేదు. అక్కడి సెట్టింగ్ చూడండి."

"కార్డు కాదంటవా?"

"కాదు సార్. కార్డు మార్చినా ఇదే ఉంటుంది."

సారు వైపు నుంచి కీబోర్డు చప్పుడు వినిపించింది. లింకు మీద సైజు పరిమితి తక్కువగా పెట్టి ఉందని ఒప్పుకుని, పెంచారు.

పెద్దాయన చేతిలో ఫొటో మెల్లగా తెరుచుకుంది. కొందామని ఆయన బామ్మర్ది సంతలో చూసి పంపిన పొట్టేలు ఫొటో. కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"కాలు సక్కగ లేదు. వద్దని చెప్త," అని అక్కడికక్కడే ఫోన్ చేశాడు.

నేను సామాను సర్దుకుంటుంటే సారు మళ్లీ చేశారు. మిర్యాలగూడ వైపు కూడా ఇలాంటి ఫిర్యాదే ఉందట.

"రేపు పోతవా, అమ్మా?"

"పోతాను సార్. ఈసారి రెండు వైపులా మొదటినుంచే రికార్డ్ చేద్దాం," అన్నాను. ఆయన సరేనన్నారు. కార్డు ఊసెత్తలేదు.