ఈరన్న బండికి వేయించిన ఇనుప రేకు

ఎండలో పరిచిన కొత్త రబ్బరు షీటు వాసన నాకు పడదు. నిన్న ఆదోనిలో, బండ్లకు బాడీ పనులు చేసే షెడ్డు ముందు, మస్తాన్ భాయ్ చుట్టగా ఉన్న షీటును విప్పి, చెప్పులు వదిలి దాని మీద అటూ ఇటూ నడిచి చదును చేశాడు. "సూడు భాయ్, పరుపు మాదిరి ఎట్లుందో! ఎంతమంది కూసున్నా ఏం కాదు," అన్నాడు. నా పికప్ బండికి పాతవి తీసేసి అడుగున ఈ షీటు, పైన కమ్మీలు వంచి టార్పాలిన్ కవరు వేయించడానికి వచ్చాను. షీటు బాగానే ఉంది. కానీ ఆ వాసన తగిలేసరికి ఈరన్న గుర్తొచ్చి, దూరంగా వేపచెట్టు కింద పోయి నిలబడ్డాను.

మీకెవరికీ ఈరన్న తెలియదు. తెలియవలసినంత పెద్దమనిషీ కాదు. నందవరం దగ్గర ఒక పల్లెలో నాలుగు చెక్కల మెట్ట పొలం ఉన్న రైతు, నాకు మొదటి ఓనరు. మాది ఎమ్మిగనూరులో నేతవాళ్ళ ఇల్లు. మా నాయన మగ్గం మూలపడ్డాక, డ్రైవింగు వచ్చీరాని నన్ను నమ్మి తన కొత్త బండి తాళాలు చేతిలో పెట్టినవాడు ఆయనే. ఎద్దుల్ని అమ్మి ఆ బండి కొన్నాడు. దాని మీద తన ఊరి పత్తి ఆదోని మార్కెట్ యార్డుకు పోవాలని, అది తన చేతుల మీదుగా పోవాలని ఆయన కోరిక. ఇంకో కోరిక ఆయన నోట నేను వినలేదు.

బండికి అడుగు వేయించడానికి, కవరు కొనడానికి మేమిద్దరం ఒక పూటంతా ఆదోనిలో తిరిగాం. పెళ్ళికూతురికి చీర ఎంచుకునేటప్పుడు కూడా అంత పట్టింపు ఉండదేమో. షాపతను రబ్బరు షీటు చూపించి, మనుషులు ఎక్కినా మెత్తగా ఉంటుందన్నాడు. ఈరన్నకు కోపం వచ్చింది.

"మనుసులకు బస్సులుండాయప్పా. ఇది పత్తి బండి. రేకు ఎయ్యి."

ఇనుప రేకు మీద పత్తి కుక్కిన పెద్ద గోతాన్ని, అదే బోరాన్ని, ఒక్క తోపు తోస్తే చివరిదాకా జారిపోతుంది. రబ్బరు మీదైతే పట్టేస్తుంది, హమాలీలు తిట్టుకుంటారు. అందుకని రేకే వేయించాడు. కవరు దగ్గర నీలంరంగు ప్లాస్టిక్ పట్టలు పక్కకు నెట్టి, మందపాటి కాన్వాసు తీయించి, దాని అంచు నా చేతికిచ్చాడు. "మగ్గమున్న ఇంట్ల పుట్టినావు, నువ్వు సెప్పు. ఇది వానకు ఆగుతాదా?" నాకు చీర పోగు తప్ప కాన్వాసు సంగతేమీ తెలియదు. అయినా రెండు వేళ్ళతో నలిపి, వెలుతురుకు పట్టి చూసి, తాతల నాటి అనుభవం ఉన్నట్టు తలూపాను. ఆయన మారుమాట లేకుండా కొనేశాడు. ఆ కాన్వాసు నిజంగానే ఏళ్ళ తరబడి నిలిచింది. గుడ్డిగా విసిరిన రాయి తగిలినట్టు నా పరువు దక్కింది.

ఆ ఏడు పత్తి బాగా వచ్చింది. లోడు ఎత్తే ముందు ఈరన్న తన తువ్వాలుతో రేకునంతా తుడిచేవాడు. దుమ్ము అంటితే పత్తికి మచ్చ పడుతుందని, మచ్చ పడితే యార్డులో వంకలు పెడతారని. "మంది పంటప్పా. మనింట్ల అన్నం గిన్నె మాదిరి సూసుకోవల్ల," అనేవాడు. దారి పొడుగునా కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి చూసుకునేవాడు. యార్డులో ప్రతి రైతు దగ్గరికీ పోయి రేటెంత పలికిందో అడిగేవాడు. పక్కవాడికి మంచి రేటు వస్తే ఇంటికొచ్చేదాకా హుషారుగా ఉండేవాడు. ఇంకొకరి పంటను చూసి అంత సంతోషపడే మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

తర్వాత వానలు మొహం చాటేశాయి. వచ్చిన ఏడు కూడా పూత మీదకొచ్చి ముంచాయి. మా వైపు పంట పోతే జనం ఇళ్ళకు తాళాలేసుకుని, పిల్లల్నీ గిన్నెల్నీ మూటలు కట్టుకుని, గుంటూరు వైపు మిరపకాయలు తెంపడానికి పోతారు. దాన్ని సుగ్గి అంటారు. ఊరివాళ్ళు ఈరన్న బండే అడిగారు. సరుకుల బండిలో మనుషుల్ని ఎక్కించకూడదని ఆయనకూ తెలుసు, వాళ్ళకూ తెలుసు. కాదనలేకపోయాడు. కానీ రేకు మాత్రం మార్చలేదు. మధ్యాహ్నానికి ఆ రేకు కాలిపోయేది. కింద గోతాలు పరుచుకున్నా వేడి తగిలేది. ఒకసారి చాయ్ కోసం ఆపినప్పుడు దూదేకుల బీబమ్మ అనే ముసలామె కాళ్ళు ఎత్తి పట్టుకుని అరిచింది.

"ఓ ఈరన్నా, మేము మిరపకాయలు తెంపేకి పోతాండామా, పెనం మీద రొట్టెలు అయ్యేకి పోతాండామా?"

అందరూ నవ్వారు. ఈరన్న కూడా నవ్వాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. అందరూ దిగాక నిలదీశాను. "ఏందన్నా ఇది? ఆ పిల్లోళ్ళ కాళ్ళు సూడు. రబ్బరు ఏపిస్తే నీ సొమ్మేం పోతాది?"

ఆయన వంగి, రేకు మీద పడున్న గోతాలు మడుస్తూ, "రబ్బరు ఏస్తే ఇది మనుసుల బండి అయిపోతాదప్పా. మనూరు ఎళ్ళిపోయేదానికి నేనే పక్క పరిసినట్టు ఉంటాది," అన్నాడు.

మరుసటి వారమే రబ్బరు షీటు వేయించాడు, కమ్మీలు వంచి కవరు కట్టించాడు. ఒక్క షరతు పెట్టాడు: షీటుకు బోల్టులు బిగించకూడదు. పంట వచ్చిన రోజు చుట్ట చుట్టి పక్కన పెట్టేయాలి. ఊరివాళ్ళు ఎక్కి కూర్చుని, బస్సు కంటే మేలుగా ఉందని మెచ్చుకున్నారు. ఆ మెప్పు విని ఈరన్న బండి ముందు వైపుకు పోయి, అక్కరలేకపోయినా అద్దం తుడుస్తూ నిలబడ్డాడు. సుగ్గి నుంచి తిరిగి రాగానే ప్రతి ఏడూ షీటు తీసేసి, ఇటుక ముక్కతో రుద్ది రేకు తుప్పు వదిలించేవాడు. కొన్ని ఏళ్ళు అర లోడు పత్తి వచ్చింది. కొన్ని ఏళ్ళు అదీ లేదు. అయినా రుద్దేవాడు.

పొలంలో వేయించిన బోర్లు ఎండిపోయి అప్పులు మిగిలితే, చివరికి ఆయన బండి అమ్ముకున్నాడు. అప్పటికి నేను ఒక పాత పికప్ కొనుక్కున్నాను. దాంట్లోనూ ఇనుప రేకు మీద రబ్బరు షీటు వదులుగానే పరిచాను. ఎందుకని ఎవరైనా అడిగితే, మా ఈరన్న అలా నేర్పాడని చెప్పేవాణ్ణి. పోయినేడు సుగ్గికి ఈరన్న, ఆయన భార్య నాగమ్మ మూటలతో వచ్చి నా బండి దగ్గరే నిలబడ్డారు. ముందు సీట్లో కూర్చోమని బతిమాలాను.

"కూలికి పోయేటోళ్ళు ఎనకాలే కూసుంటారు లేప్పా," అని కవరు పైకెత్తి ఎక్కాడు.

దారిలో ఒక బర్రె అడ్డం వస్తే గట్టిగా బ్రేకు వేశాను. బోల్టులు లేని షీటు మనుషులతో సహా ముందుకు జారింది. అందరూ ఒకరి మీద ఒకరు పడ్డారు. నాగమ్మ చేయి అందరి కిందా పడి విరిగింది. కట్టు కట్టించుకుని వచ్చాక ఆమె ఒంటి చేత్తోనే చీర కొంగు సర్దుకుంటూ బండి ఎక్కింది. షీటు జరిగిన చోట ఇనుప రేకు బయటపడి ఉంది. ఈరన్న దాని వైపే చూస్తూ అన్నాడు:

"ఇంగ బోల్టులు బిగిచ్చెయ్యప్పా. నా మాట ఇని మంది చేతులు ఇరగ్గొట్టొద్దు."

ఆయన మళ్ళీ ఊరికి రాలేదు. గుంటూరు వైపే ఒకరి తోటకు కాపలా ఉంటున్నారు ఇద్దరూ.

నిన్న మస్తాన్ భాయ్ డ్రిల్లు మిషను పెట్టి షీటుకు రంధ్రాలు వేస్తుంటే, వేపచెట్టు కింద నుంచి ఈరన్నకు ఫోను చేశాను.

"బోల్టులు బిగిపిస్తాండానన్నా."

"మంచి పని," అన్నాడు. నాగమ్మ చేయి ముసురు పడితే గుంజుతోందని చెప్పాడు. తర్వాత, "మనూర్ల వానలు పడినాయంట కదప్పా?" అన్నాడు.

"పడినాయన్నా. కొందరు పత్తి కూడా ఏసినారు."

ఆయన మెల్లిగా అడిగాడు. "మరి రబ్బరు మీద బోరాలు జరగవు కదప్పా?"

"జరగవన్నా," అన్నాను. అన్నీ పోగొట్టుకున్న మనిషి, ఎవరిదో తోటలో కూర్చుని, ఇంకా మా ఊరి పత్తి గురించే అడుగుతున్నాడు. ఆ పిచ్చి ఆశ నాకూ ఆయనే అంటించాడు. అది ఎంత దండగో తెలిసీ నాలోంచి పోవడం లేదు.

ఫోను పెట్టేసేసరికి మస్తాన్ భాయ్ చివరి బోల్టు చేతిలోకి తీసుకున్నాడు. ఆపమనడానికి నోరు తెరిచాను. నాగమ్మ చేయి కళ్ళ ముందు మెదిలింది. నోరు మూసుకుని, ఆ బోల్టు బిగిసేదాకా చూస్తూ నిలబడ్డాను.