పంతొమ్మిదో జత

బిష్కెక్ విడిభాగాల బజారు మొత్తానికి జుమాకదిర్ అంత పిరికివాడు లేడని పేరు. ఊరికే వచ్చిన పేరు కాదు, కష్టపడి సంపాదించుకున్నాడు. బజారు వెనక వరసలో ఒక ఇనుప కంటైనర్ ఆయన దుకాణం. అందులో రెజిన్ డబ్బా ఒక మూల, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ సీసా ఇంకో మూల, రెండింటికీ మధ్య ఇసుక బకెట్టు. ఎండాకాలం రెజిన్ మగ్గులోనే వేడెక్కి పొగ లేస్తుందని భయం. చలికాలం అసలు గట్టిపడదేమోనని భయం. కళ్లజోడు మీద ఇంకో కళ్లజోడు పెట్టుకుంటే గానీ హార్డెనర్ మూత తీసేవాడు కాదు. దీనికి మాత్రం కారణముంది. పన్నెండేళ్ల కిందట ఒక్క చుక్క, ఆవగింజంత చుక్క, ఎడమ కంట్లో పడింది. కన్ను మిగిలింది గానీ, ఆ కంటికి లోకమంతా ఇప్పటికీ పొగమంచే.

అదే వరస చివర మాంసం కూరిన సమ్సాలు అమ్మే శైర్‌కుల్ ఆయన భార్య. "మా ఆయన తన నీడ వెంట వస్తే దాన్నీ ఎవరు నువ్వని అడుగుతాడు" అని బజారంతా వినేటట్టు అనేది. అందరూ నవ్వేవాళ్లు, జుమాకదిర్ కూడా నవ్వేవాడు. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు, నేను మొదటి సగం దగ్గరే ఆగిపోయాను, ఏం చేయను అనేవాడు.

ఆయన చేసేవి పోడియంలు. కారు ముందు అద్దానికి రెండు పక్కలా నిలువుగా స్తంభాలుంటాయి. వాటిని కప్పే ప్లాస్టిక్ తొడుగుల మీద చిన్న స్పీకర్లు కూర్చోవడానికి కట్టే గూళ్లన్నమాట. తొడుగు మీద స్పీకరు బిగించే రింగును ఏటవాలుగా నిలబెట్టి, పైన శైర్‌కుల్ పాత మేజోళ్ల గుడ్డ బిగలాగి, రెజిన్ పూసేవాడు. ఆరాక లోపలి నుంచి గాజునూలు చాప అతికించి, పైన లప్పం పెట్టి, అరచెయ్యి జారిపోయేదాకా ఎమరీ కాగితంతో రుద్ది, తోలు చుట్టేవాడు. తట్టి చూస్తే రాయి. కంటితో చూస్తే కారుతోపాటే పుట్టిందనిపిస్తుంది. ఒకటిన్నర కంటితో ఆ రింగు వాలు ఎలా కుదుర్చుతాడో గానీ, పాట సరిగ్గా సీట్లో కూర్చున్నవాళ్ల ముక్కు మీదకొచ్చి వాలేది.

ఇక్కడొక సంగతి చెప్పాలి, కథంతా దీని మీదే ఉంది. టాక్సీవాళ్లు వారం రోజులు బండి వదిలి ఉండలేరు. అందుకని తొడుగులు మాత్రం ఊడబీకి, సంచిలో వేసి తెచ్చి ఇచ్చేవాళ్లు. పని అయ్యాక వాళ్లే పట్టుకెళ్లి బిగించుకునేవాళ్లు. కారు ముఖం జుమాకదిర్ చూసేవాడే కాదు. ఆ తొడుగుల మీద ఒక మూల ఎయిర్‌బ్యాగ్ అని చిన్న అక్షరాలు ఉబ్బెత్తుగా ఉంటాయి. లోపల గుడ్డసంచి ఒకటి చుట్టి పెట్టి ఉంటుందనీ, కారు గుద్దుకుంటే అది ఢామ్మని విచ్చుకుని తలకు అడ్డం పడుతుందనీ అర్థం. కానీ ఈ బజారుకొచ్చే కార్లు ఎక్కడో సముద్రాల అవతల ఒకసారి గుద్దుకుని, అతుకులు వేయించుకుని వచ్చినవి. బ్యాగులు అక్కడే పేలిపోయి ఉంటాయి. హెచ్చరిక దీపం వెలగకుండా లోపల ఏదో కిటుకు చేసి అమ్ముతారు. ఇది లోకమెరిగిన సంగతి. అందుకే జుమాకదిర్ ఆ అక్షరాలను ఎమరీ కాగితంతో శుభ్రంగా అరగదీసేసేవాడు. "చచ్చినవాడి గుమ్మానికి పేరు పలకెందుకు?" అనేవాడు. లక్ష భయాలున్న మనిషికి ఈ ఒక్కచోట భయం వేయలేదు చూడండి!

ఆ జూన్‌లో ఎర్మెక్ వచ్చాడు. ఓష్ దారిలో తెల్ల టాక్సీ నడిపే నోటి దురుసు కుర్రాడు, మనసు మాత్రం వెన్న. "నా బండికీ బ్యాగుల్లేవన్నా, పేలిపోయాయి" అని తొడుగుల సంచి బల్ల మీద పెట్టాడు. జుమాకదిర్ వారం రోజులు చేశాడు వాటిని. బూడిద రంగు తోలు, కుట్టు కనబడని అంచు. చేతికి అంత బాగా కుదిరిన జత ముందెప్పుడూ లేదని తనకు తానే ఒప్పుకున్నాడు.

ఆ వారమే శైర్‌కుల్ టోక్తోగుల్‌కు బయల్దేరాల్సి వచ్చింది. చెల్లెలి మనవడు అడుగులేస్తున్నాడు, కాళ్లకు కట్టిన దారం కోసే వేడుక. ఎర్మెక్ పొద్దున్నే బండి తెచ్చి కంటైనర్ ముందు ఆపాడు.

"వదినా, నువ్వు ముందు సీట్లో కూర్చో. అన్న చేసిన గూట్లోంచి పాట చెవిలో పడుతుంటే ఊరెప్పుడొచ్చిందో కూడా తెలీదు."

"నువ్వు గొంతు కలపకుండా ఉంటే చాలు నాయనా, అదే పదివేలు."

జుమాకదిర్ గుండ్రటి రొట్టె పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ప్రయాణమయ్యే మనిషి ఒక ముక్క కొరికి మిగతాది వదిలి వెళ్తే, దాన్ని తినడానికి తప్పక తిరిగొస్తుందని అక్కడివాళ్ల నమ్మకం.

"కొరుకు."

"మూడు రోజులకయ్యా పోయేది! చంద్రమండలానికి పోతున్నట్టు..."

"కొరుకు ముందు."

ఆమె కళ్లు తిప్పుతూ కొరికింది. ఆయన పంటిగాటున్న రొట్టెను గుడ్డలో చుట్టి రెజిన్ డబ్బాకు దూరంగా, పై అరలో పెట్టాడు.

పదకొండు దాటాక ఎర్మెక్ ఫోన్ చేశాడు. కొండదారి మొదట్లో గ్యాస్ పట్టిస్తున్నాడట.

"అన్నా, నీ చేతికి దణ్ణం! వదిన ఊగిపోతోంది పాటకి. నిన్న బిగించేప్పుడు ఒక్కటే తిప్పలు పెట్టింది. కుడిపక్కది, వదిన సీటు వైపుది, సరిగా కూర్చోలేదు, లోపల ఏదో గుడ్డచుట్ట అడ్డం. దాన్ని పక్కకి తోసి రెండు పొడుగు స్క్రూలు దించేశా. ఇప్పుడు ఇంచు కదలదు."

"గుడ్డచుట్టేంటి?"

"ఏమో, తెల్లగా ఉంది. గట్టిగా చుట్టి టేపులేశారు. చప్పుడు రాకుండా పెట్టిన మెత్తేమో."

"బ్యాగులు పేలిపోయాయన్నావు కదరా!"

"స్టీరింగ్‌లోది పేలిందన్నా, అమ్మినవాడు చూపించాడు కూడా. బ్యాగంటే అదే కదా?"

"ఎర్మెక్, బండి ఆపు. కదలొద్దు. విను..."

లైను కోసుకుపోయింది. మళ్లీ కొట్టాడు, మళ్లీ కొట్టాడు. కొండల్లోకి వెళ్లిన ఫోను పలుకుతుందా?

జుమాకదిర్‌కు పైప్రాణాలు పైనే పోయాయి. ముందున్న బ్యాగు పేలినంత మాత్రాన పక్కవి పేలాలని ఏముంది? ఇన్నేళ్లలో ఈ చిన్న ప్రశ్న తనకెందుకు తట్టలేదు? ఆ చుట్టలో ప్రాణముందో లేదో చెప్పగలవాడు లేడు. ఉంటే, వెనక నుంచి ఏ లారీయో తోసి, బండి రాతిగోడకు తగిలితే చాలు, తలను కాపాడాల్సిన సంచి పిడికిలంత రాతి గూటిని, దానిలోని ఇనుప అయస్కాంతంతో సహా, శైర్‌కుల్ కణత మీదకు విసురుతుంది. కణతకూ గూటికీ మధ్య జానెడు కూడా లేదు. ఆ జానెడూ ఆయన లెక్కగట్టి పెట్టిందే.

దుకాణానికి తాళం వేశాడో లేదో తెలియదు. పాత బండి తీశాడు. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో టోక్తోగుల్ దారిలోని కనుమ దాటి అత్తారింటికి వెళ్లింది ఒక్కసారే, అదీ కొండ నడినెత్తిన ఉన్న సొరంగంలో కళ్లు గట్టిగా మూసుకుని. ఇప్పుడు నడపాల్సింది తనే. కళ్లు మూసుకునే వీలు లేదు.

లోయలో లారీల వెనక పాకుతూ ఎక్కుతుంటే ఒక మలుపు దగ్గర జనం కనిపించారు. ఒక తెల్ల కారు పక్కకు ఒరిగి పడి ఉంది. ఆయన కాలు బ్రేకు మీద పడింది. తలుపు పట్టుకుని వేలాడుతూ దిగాడు. దేవుడా, అది కాకూడదు, ఇంకెవరిదైనా కానీ, అని పైకే అన్నాడు. దగ్గరికి వెళ్లి అద్దంలోంచి చూస్తే గూళ్లు లేవు. రోడ్డంతా పుచ్చకాయలు దొర్లి ఉన్నాయి. ఎవరో తల పట్టుకుని రాయి మీద కూర్చున్నాడు. జుమాకదిర్‌కు ప్రాణం లేచొచ్చింది. వెంటనే, ఇంకెవరిదైనా కానీ అన్న మాట గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాడు. సాయం పట్టడానికి కూడా ఆగలేదు.

సొరంగంలో నీళ్లు కారుతున్నాయి, పొగ గొంతులో గరగరలాడింది. ఎడమ కంటికి చీకటీ వెలుతురూ ఒక్కటే. కుడికంటిని ముందు లారీ ఎర్రదీపానికి కట్టేసి, నోటికొచ్చిన ప్రార్థనలన్నీ తప్పులతో చదువుతూ బయటపడ్డాడు. అవతల సూసమిర్ మైదానం పచ్చగా పరుచుకుని ఉంది. రోడ్డు పక్కన గుడారాల ముందు గుర్రప్పాలు అమ్ముతున్నారు. ప్రతి తెల్ల కారు దగ్గరా ఆగాడు. ఐదోదో ఆరోదో ఎర్మెక్‌ది, తిండికని ఆగి ఇంకా కదల్లేదు. బెంచీ మీద శైర్‌కుల్, చేతిలో పాలగిన్నె, పెదాల మీద తెల్ల మీసం.

"ఓరి దేవుడా, ఏమయ్యా! ఇల్లు తగలబడిందా?"

ఆయన నేరుగా వెళ్లి బానెట్ ఎత్తి బ్యాటరీ తీగ పీకాడు. అంత తొందరలోనూ, కరెంటుంటే సంచి చేతిలోనే పేలుతుందన్న భయం మరచిపోలేదు. కాసేపు ఆగి, అందర్నీ దూరం జరగమని చేత్తో తోసి, కుడి తలుపు తీసి స్క్రూడ్రైవర్ దించాడు.

"అన్నా! పిచ్చెక్కిందా నీకు? వారం రోజులు చేశావు దాన్ని!"

తోలు చిరిగింది. కుట్టు కనబడని అంచు ఫటుక్కున విరిగింది. తొడుగు చేతికొచ్చాక ముగ్గురూ చూశారు. తెల్లటి చుట్ట, దాని నడుమ గుచ్చుకుని రెండు స్క్రూలు, తెగిన నూలుపోగులు, పక్కనే ముట్టుకోవద్దని ఎర్ర అక్షరాలు.

ఎర్మెక్ ముఖంలో నెత్తురుచుక్క లేదు. "చేత్తో తోశానన్నా దీన్ని... ఈ చేత్తో తోశాను" అన్నాడు. బెంచీ మీద కూలబడ్డాడు.

శైర్‌కుల్ వేలితో కణత తడుముకుంది. ఇరవై ఆరేళ్లలో మొదటిసారి ఆమె నోటి నుంచి వేళాకోళం రాలేదు. నెమ్మదిగా అడిగింది.

"ఇలాంటివి ఎన్ని చేశావు?"

"ఇవి కాక... అక్షరాలు చెరిపినవి పంతొమ్మిది జతలు."

ఆమె పాలగిన్నె కింద పెట్టింది. "వేడుక సంగతి నేను చూసుకుంటాను. నువ్వు వెనక్కి పో" అంది.

అప్పటినుంచి మంచు పడేదాకా జుమాకదిర్ చేసింది ఆ ఒక్క పనే. ఫోన్లు చేశాడు, ఊళ్లు తిరిగాడు, తన గూళ్లను తన చేత్తోనే పగలగొట్టాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నావా అని ఒకడు నవ్వాడు. ఒకడు కొట్టబోయాడు. ఒకడు గూడు ఊడదీయనివ్వనని కారులోనే కూర్చుంటే, ఆ కారు ముందు రోడ్డు మీద అడ్డంగా పడుకున్నాడు. అవును, పిరికి జుమాకదిరే. పద్దెనిమిది జతలు ఊడాయి. ఆరు కార్లలో తెల్లచుట్ట ఉంది.

పంతొమ్మిదోది దొరకలేదు. తలాస్ నుంచి వచ్చిన ఒక మాస్టారి కారు అది. ఆయన ఫోన్ నంబరు పలకడం లేదు, ఆ ఊళ్లో ఆయన లేడు, బదిలీ మీద ఎటో వెళ్లాడన్నారు. మాస్టారి ముఖం కూడా జుమాకదిర్‌కు సరిగా గుర్తు లేదు. ఆయన అన్న మాట ఒక్కటే గుర్తుంది: "ముందు సీట్లో మా అమ్మాయి కూర్చుంటుంది, తొమ్మిదేళ్లది, పాటలంటే ప్రాణం. కుడిపక్కది కాస్త దాని వైపు తిప్పి పెట్టన్నా." తిప్పి పెట్టాడు. పిల్ల ఎత్తు ఎంతని అడిగి, రింగు ఒక వేలు కిందికి దించి మరీ పెట్టాడు.

ఇప్పుడు జుమాకదిర్ కారు తలుపులకు మాత్రమే పోడియంలు చేస్తున్నాడు, అదీ కారు కళ్ల ముందుంటేనే. సిగ్నల్ దగ్గర ఆగిన కార్లలోకి వంగి వంగి చూస్తాడు. దొంగవెధవా అని తిట్టినవాళ్లున్నారు. తిట్టించుకుని తర్వాతి కారులోకి చూస్తాడు.

శైర్‌కుల్ టోక్తోగుల్ నుంచి వచ్చిన రోజే తన రొట్టె తను తినేసింది, ఎండిపోయిన ముక్కలు టీలో ముంచుకుని మరీ. మర్నాడు అరలో ఇంకో రొట్టె కనిపించింది, నిండు రొట్టె.

"ఇదెవరికయ్యా?"

"ఆ పిల్లకి."

"కొరికింది కాదుగా ఇది. కొరకనిది ఎవర్నీ వెనక్కి తేదు."

"తెలుసు" అన్నాడు జుమాకదిర్.

ప్రతి శుక్రవారానికీ ఆ రొట్టె ఎండిపోతుంది. సమ్సాల పొయ్యి దగ్గర్నుంచి వస్తూ కొత్తది ఆమే తెచ్చి పెడుతుంది.