అమ్మకానికి లేని కోటు

ట్యూనిస్‌లోని హఫ్సియా సందుల్లో పాతబట్టల దుకాణాలు వరసగా ఉంటాయి. అందరూ బట్టలు గుట్టలుగా పోసి అమ్ముతారు. దలెందా మాత్రం ఎప్పటివో కోట్లు, గౌన్లు ఏరి, ఉతికి, చిరుగులు కుట్టి వరసగా వేలాడదీస్తుంది. సముద్రం అవతలినుంచి వచ్చిన పాతబట్టల బేళ్ళు విప్పే రోజున తోపులాటలో నిలబడి గొంతు పోయేదాకా బేరమాడుతుంది. బేళ్ళు లేని రోజుల్లో ఇస్త్రీబల్ల మీదే కాగితాలు పరుచుకుని రాస్తుంది. ఇప్పటికి రెండు పుస్తకాలు అచ్చయ్యాయి. వాటి మీద వచ్చిన డబ్బు ఇస్త్రీ కరెంటుకైనా చాలలేదు.

ఆమెకో అలవాటుంది. ఏదైనా బట్ట మనసుకు పట్టిందంటే లోపలి మేకుకు తగిలిస్తుంది. దాన్ని తొడుక్కున్న మనిషిని ఊహించి రాయడం పూర్తయ్యేదాకా అమ్మదు. పక్క దుకాణం ఖమైస్‌కు ఇది చూస్తే ఒళ్ళుమంట.

"ఊరంతా బట్టలు అమ్ముకుంటుంటే నువ్వు వాటికి బస ఇస్తున్నావమ్మా! అద్దె కూడా నువ్వే కడుతున్నావు."

"నీ గుట్టలో ఉన్నవాటికి ప్రాణం లేదు బాబాయ్."

"నీవాటికి ఉందనే కదా, సందెపడితే నేనిటు రాను."

ఆ చలికాలం మేకుకు ఉన్నది రెండేళ్ళ కిందట వచ్చిన గోధుమరంగు ఉన్నికోటు. ఎడమచేతి అంచు బాగా అరిగింది. లోపలి జేబుకు నీలిగళ్ళ గుడ్డ వేసి కుట్టారు. తలుపు మూసినా అది కాస్త కాస్త ఊగుతూనే ఉండేది. దలెందా దానికి వీపు పెట్టి కూర్చోవడం మానేసింది. బేలులో వచ్చింది కనక అవతలి ఒడ్డు మనిషిదే అనుకుంది. హఫ్సియాలో ఎవరైనా అలాగే అనుకుంటారు. ఇటలీలోని నేపుల్స్ రేవులో మూటలు మోసే ఒంటరివాణ్ణి ఊహించి నవల రాసింది. చివరి అధ్యాయంలో అతను ఆసుపత్రిలో పోతాడు. సోమవారానికల్లా ఇమ్మన్నాడు ప్రచురణకర్త.

శనివారం పొద్దున ఒకామె దుకాణంలోకొచ్చి, సరుకు చూడకుండా నేరుగా మేకు దగ్గరికి వెళ్ళింది. పేరు మెహ్రజియా అని తర్వాత తెలిసింది. అరవై దాటి ఉంటాయి.

"అది అమ్మేది కాదు పెద్దమ్మా."

"కొనను. జేబు చూస్తానంతే."

జేబు బయటికి తిప్పి నీలిగళ్ళ మీద బొటనవేలు పెట్టింది.

"ఇది నేను బడికి తొడుక్కున్న పైగౌను గుడ్డ. ఈ కుట్టు నాదే. మా తమ్ముడు మొంజీ దొంగచాటుగా ఇటలీకి పడవెక్కిన రోజు ఈ కోటే వేసుకున్నాడు. మళ్ళీ వాడి కబురు లేదు. ఇదెక్కడిది నీకు?"

"బేలులో వచ్చింది. ఎవరిదో ఎవరికీ తెలియదు."

గుమ్మంలోంచి ఖమైస్ అందుకున్నాడు. "తెలియకపోవడమేంటి? వాడి చరిత్రంతా రాసి పెట్టుకుంది!"

అన్నాక నాలిక కరుచుకున్నాడు.

"నిజం కాదు పెద్దమ్మా, ఊహించి రాసింది," అంది దలెందా.

"పోనీ, ఏం ఊహించావు?"

దలెందా చెప్పింది. ఎడమచేతివాటం మనిషి. మెహ్రజియా తలూపింది. అది కోటు అంచే చెబుతుంది. తలుపు మూస్తే నిద్రపట్టదు, గడప మీద చెప్పు అడ్డంపెట్టి పడుకుంటాడు.

మెహ్రజియా చెయ్యి జేబు గుడ్డ మీదే ఆగిపోయింది.

"ఇది నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు."

ఖమైస్ బిస్మిల్లా అనుకుంటూ తన దుకాణంలోకి తప్పుకున్నాడు.

"ఇప్పుడెలా ఉన్నాడు?"

చివరి అధ్యాయం ఇస్త్రీపెట్టె కింద ఉంది. "ఒంట్లో బాగాలేదు," అంది దలెందా.

"చంపేస్తావా?"

దలెందా ఇస్త్రీపెట్టెను కాగితాల మీదికి ఇంకాస్త జరిపింది.

"మా అమ్మ ఇంకా ఉంది. శవం రాలేదని వాడి పేరున ఖురాన్ చదివించలేదు. పోయాడని ఇంతవరకు ఎవరూ అనలేదు. నువ్వనకు."

"అది పుస్తకం పెద్దమ్మా."

"రాసినా అన్నట్టే."

దలెందా కోటు దించి చేతికివ్వబోయింది. మెహ్రజియా వెనక్కి జరిగింది.

"ఇంటికి తీసుకెళ్తే వాడే వచ్చాడనుకుని అమ్మ దాని ముందు కంచం పెడుతుంది. ఇక్కడే ఉండనీ. నీ దగ్గరైతే కదులుతున్నాడు."

సోమవారం ప్రచురణకర్త ఫోన్ చేశాడు.

"ఇంతకీ పోయాడా లేదా?"

"లేదు."

"మరెప్పుడు పోతాడు? ముగింపు లేని పుస్తకం నేను వెయ్యనమ్మా."

"వెయ్యకండి," అంది. అన్నందుకు ఆ రోజంతా ఏ పనీ చెయ్యలేకపోయింది. రెండేళ్ళ రాత అది.

అప్పటినుంచి బేళ్ళు విప్పే ప్రతిరోజూ మెహ్రజియా వస్తుంది. ఏమీ కొనదు. గుంపులో దారి చేసుకుని దలెందా దగ్గరకొచ్చి అడుగుతుంది.

"ఏం తిన్నాడు?"

"శనగల పులుసు. రొట్టె ముట్టలేదు."

చొక్కా మడతపెడుతూ అనేసింది దలెందా. ఆలోచించి అనలేదు. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకే తెలియదు. మెహ్రజియా మాత్రం విన్నది చాలన్నట్టు వెళ్ళిపోయింది.

గుంపులోంచి ఎవరో కుర్రవాడు మేకు వైపు చూపించి, కోటెంతని అడిగాడు.

"ఇవ్వను," అంది దలెందా. "దాని మనిషి ఉన్నాడు."